ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌ను నిజమైన యూజర్లతో నేర్పించడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మూడో సంవత్సరం ఇంజనీరింగ్ విద్యార్థులకు మీరు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చెబుతున్నారు. గాంట్ చార్ట్ (ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో గీతలుగా చూపే పట్టిక) గీయమంటే చక్కగా గీస్తారు, క్రిటికల్ పాత్ (ఏది ఆలస్యమైనా మొత్తం ప్రాజెక్టే ఆలస్యమయ్యే పనుల వరస) లెక్క పరీక్షలో తప్పు లేకుండా చేస్తారు. అదే పిల్లలు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు వచ్చేసరికి పనంతా ఆఖరి రెండు వారాల్లోకి నెట్టేస్తున్నారు. అందుకని 14 వారాల సెమిస్టర్‌లో, 60 మందితో, బయటి మనుషుల నిజమైన అవసరాల మీద డిజైన్ ప్రాజెక్టులు చేయిస్తూ ఈ సబ్జెక్టు చెప్పవచ్చా? మార్కులు ఎలా వేయాలి? వస్తువు పూర్తికాకపోతే ఏం చేయాలి?

చెప్పవచ్చు. నేను చాలా ఏళ్లుగా ఇలాగే చెబుతున్నాను, దీనికంటే బాగా నేర్పే దారి నాకు కనిపించలేదు. కానీ రెండు షరతులున్నాయి. ఒకటి, మొదటి రెండు వారాల్లోనే విద్యార్థులు యూజర్‌ని కలవాలి. రెండు, ప్లాన్ ప్రకారం నడిచారా లేదా అన్నదానికి మార్కులు వేయకూడదు. ప్లాన్‌ను ఎప్పుడు, ఎందుకు, ఏ ఆధారంతో మార్చారో దానికి వేయాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మళ్లీ పాత పద్ధతికే వచ్చేస్తారు. చార్టు మొదటి వారంలో గీస్తారు, ఆఖరి వారంలో రిపోర్టులో అతికిస్తారు, మధ్యలో దాన్ని ఎవరూ తెరిచి చూడరు.

ఎందుకో చెబుతాను. మామూలు క్లాసు ప్రాజెక్టులో అవసరం కదలదు, గడువు కదులుతుంది. ప్రశ్న టీచర్ రాసిస్తారు, అది సెమిస్టరంతా అలాగే ఉంటుంది. సబ్మిషన్ తేదీ మాత్రం బతిమాలితే ఓ వారం జరుగుతుంది. బయట చాలాసార్లు దీనికి తలకిందులు. తేదీ జరగదు, అవసరం మాత్రం చూస్తుండగానే మారిపోతుంది. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో ఉన్న పనిముట్ల విలువ తెలిసేది ఈ రెండో పరిస్థితిలోనే. మొదటి పరిస్థితిలో కూర్చోబెట్టి వాటిని నేర్పితే విద్యార్థికి అవి ఎందుకో అర్థం కాదు, అర్థం కాకపోవడంలో తప్పు కూడా లేదు.

యూజర్‌ని మధ్యలో పెట్టి డిజైన్ చేయడానికి గూల్డ్, లూయిస్ అనే ఇద్దరు 1985లో మూడు సూత్రాలు చెప్పారు: మొదటి నుంచీ యూజర్ల మీద, వాళ్ల పనుల మీద దృష్టి పెట్టాలి, వాడించి, కొలిచి చూడాలి, దిద్దుకుంటూ మళ్లీ మళ్లీ చేయాలి. తర్వాత ఇదే ధోరణి అంతర్జాతీయ ప్రమాణంగా కూడా వచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్నది ఐఎస్‌ఓ 9241-210, దాని తాజా రూపం 2019ది. ఈ మూడు సూత్రాలనూ మేనేజ్‌మెంట్ కళ్లతో చూడండి. యూజర్‌ని ముందే కలవాలంటే ఎవరి టైం ఎప్పుడు దొరుకుతుందో కనుక్కోవాలి. వాడించి చూడాలంటే పరీక్షకు, ఆ పరీక్షలో తేలినదాన్ని సరిదిద్దడానికి షెడ్యూల్‌లో చోటుండాలి. మళ్లీ చేయాలంటే మొదటి నమూనాకే డబ్బంతా, రోజులన్నీ ఖర్చు చేసుకోకూడదు. అంటే డిజైన్ పద్ధతే ప్లానింగ్ పాఠం అడిగి చెప్పించుకుంటుంది. మీరు రెండు సబ్జెక్టులు కలిపి చెబుతున్నట్టు భయపడనక్కర్లేదు.

నా క్లాసులో జరిగిన రెండు సంగతులు

ఒక టీం ఫిజియోథెరపీ కేంద్రంతో పనిచేసింది. స్ట్రోక్ తర్వాత చేతి కదలిక కోసం ఇంట్లో వ్యాయామం చేసుకునే పేషెంట్ల కోసం మొబైల్ యాప్ చేస్తామని మొదటి వారమే ప్లాన్ తెచ్చారు. స్క్రీన్లు కూడా గీసేశారు. రెండో వారం కేంద్రానికి వెళ్లి చూస్తే, ఆ పేషెంట్లలో చాలామందికి ఫోన్ పట్టుకోవడమే కష్టం. థెరపిస్టుకు కావాల్సింది కూడా యాప్ కాదు. పేషెంట్ తర్వాతి విజిట్‌కు వచ్చినప్పుడు, ఇంట్లో ఎన్నిసార్లు చేశారో తెలిపే ఒక్క అంకె చాలన్నారు ఆవిడ. టీం యాప్ మానేసి, పిండితే లెక్కపెట్టే ఒక మెత్తని బంతి వైపు వెళ్లింది.

ఇందులో నాకు అంతకంటే ముఖ్యమైనది తర్వాత జరిగింది. వాళ్ల కొత్త ప్లాన్‌లో పెద్ద పని అంటే సర్క్యూటే. అందరి కళ్లూ దాని మీదే. నిజానికి సర్క్యూట్ అనుకున్నదానికంటే ముందే అయిపోయింది. ఆగిపోయింది ఎక్కడంటే పేషెంట్లతో వాడించి చూడటానికి కావాల్సిన అనుమతి దగ్గర. థెరపిస్టు సరేనన్నా, కేంద్రం బాధ్యుల సంతకం కావాలి. దానికి ముందు పరికరం వల్ల ప్రమాదం లేదని ఒక పేజీ రాసివ్వాలి. ఆ పేజీ రాయడం ప్లాన్‌లో ఒక పనిగానే లేదు. ఆ రోజు బోర్డు మీద వాళ్ల పనులు వరసగా రాసి, క్రిటికల్ పాత్ ఎటు పోతోందో వాళ్లతోనే గీయించాను. అది సర్క్యూట్ గుండా పోవడం లేదు, సంతకం గుండా పోతోంది. ఫ్లోట్ అంటే, మొత్తం గడువు జరగకుండా ఒక పని ఎంతవరకు ఆలస్యం కావచ్చో ఆ వెసులుబాటు. అదేమిటో ఆ రోజు క్లాసులో ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇంకో టీం చూపులేని పిల్లల బడికి, వేళ్లతో తడిమి గ్రాఫులు చదివే బోర్డు చేసింది. ఆలోచన మంచిది, నమూనా కూడా త్వరగానే తయారైంది. పిల్లలతో పరీక్షించడానికి వాళ్లు పెట్టుకున్న వారంలోనే ఆ బడిలో పరీక్షలు, ఆ వెంటనే సెలవులు. టీచర్ ముందే చెప్పేవారే, ఎవరైనా అడిగి ఉంటే. అప్పటి నుంచి యూజర్‌తో మొదటి సమావేశంలో అడగాల్సిన మొదటి ప్రశ్నగా నేను ఇదే పెట్టాను: "రాబోయే మూడు నెలల్లో మీరు ఏ రోజుల్లో అస్సలు దొరకరు?" సమస్య గురించి అడిగేది దీని తర్వాతే. ఆ తేదీలు తెలిశాక ప్లాన్ వెనక నుంచి ముందుకు వేయిస్తాను. చివరి పరీక్ష ఫలానా వారం కాబట్టి రెండో నమూనా ఫలానా వారానికి చేతిలో ఉండాలి, కాబట్టి మొదటి నమూనా ఫలానా రోజుకు యూజర్ ముందు పెట్టాలి, ఇలా.

ప్రాజెక్టు ఎంచుకోవడం దగ్గరే సగం పని ఉంది

60 మందిని నలుగురైదుగురి చొప్పున విడదీస్తే 12 నుంచి 15 టీంలు అవుతాయి. అన్ని సంస్థలను మీరు వెతకనక్కర్లేదు. నాలుగైదు చాలు, ఒక్కోదానిలో రెండు మూడు వేర్వేరు సమస్యలు దొరుకుతాయి. ఒకే సమస్యను మూడు టీంలకు ఇవ్వడం మాత్రం మంచిది కాదు. ఒకే మనిషి మూడుసార్లు అదే కథ చెప్పలేక విసిగిపోతారు, మూడోసారికి మీ ఫోన్ ఎత్తరు.

సమస్య సరైనదో కాదో నేను ఇలా చూస్తాను. యూజర్‌ని టీం తేలిగ్గా వెళ్లి కలవగలగాలి. అలాంటి అవసరమే ఉన్న వాళ్లు ఇంకొందరు ఉండాలి, ఎందుకంటే ఒక్కరే ఉంటే వాళ్లు బదిలీ అయినా, ఆరోగ్యం బాగోకపోయినా ప్రాజెక్టు అక్కడితో ఆగుతుంది. కాగితం, అట్టముక్కలతో రెండు వారాల్లో ఒక ముతక నమూనా చేసి చూపించగలిగేలా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ప్రాజెక్టు విఫలమైనా యూజర్‌కు నష్టం జరగకూడదు. సంస్థ రోజువారీ పని విద్యార్థుల వస్తువు మీద ఆధారపడేలా ఉంటే, ఆ సమస్య ఎంత ఆసక్తిగా ఉన్నా వద్దనండి. "ఆటోమేటిక్" "స్మార్ట్" అనే మాటలతో మొదలయ్యే ప్రతిపాదనలను నేను వెనక్కి పంపి, ఎవరి ఇబ్బంది, ఏ పనిలో, రోజులో ఎప్పుడు అని రాసి తెమ్మంటాను. ఈ మూడిటికీ జవాబు లేదంటే వాళ్లు ఇంకా ఎవరినీ కలవలేదని అర్థం.

థియరీ వదిలేయాలా?

వదలకండి, వరస మార్చండి. ఏ పనిముట్టు అవసరం ఏ వారం వస్తుందో ఆ వారమే చెప్పండి. రిస్క్ గురించి మొదటి వారంలో చెబితే నోట్స్ రాసుకుంటారు. మొదటి సమావేశానికి యూజర్ రాని రోజు చెబితే వింటారు.

ఇంకో మాట. క్రిటికల్ పాత్, పెర్ట్ (పనులకు పట్టే టైంను అంచనా వేసి ప్లాన్ చేసే పద్ధతి) రెండూ 1950ల చివర్లో పుట్టాయి. మొదటిది డ్యూపాంట్ కంపెనీ ప్లాంట్ల నిర్మాణం, మరమ్మతు పనుల ప్లానింగ్‌లో, రెండోది అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమంలో. అంత పెద్ద పనుల కోసం వచ్చిన సరంజామా అంతా ఐదుగురి టీం నెత్తిన పెడితే, ఫారాలు నింపడమే ప్రాజెక్టు అవుతుంది. నేను నాలుగు కాగితాలే అడుగుతాను: ఒక్క పేజీ ప్లాన్, ఎవరు ఏ పని చేస్తున్నారో కనిపించే బోర్డు, రిస్కుల జాబితా, మార్పుల డైరీ. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, గోడ మీద చీటీలైనా చాలు. ఈ నాలుగిటిలో ఒకటే ఉంచుకోమంటే నేను మార్పుల డైరీని ఉంచుకుంటాను. ప్రతి మార్పుకూ తేదీ, కారణం, ఆ కారణం ఎవరి నుంచి వచ్చింది, దానివల్ల ఏ పని వదులుకున్నారు అనే నాలుగు విషయాలు రాయాలి. నాలుగోది రాయించడం కష్టం. కొత్త పని చేర్చడానికి అందరూ సిద్ధమే, దానికి బదులు ఏది తీసేస్తున్నారో చెప్పమంటే మౌనం. స్కోప్, అంటే చేస్తామని ఒప్పుకున్న పని పరిధి, పెరిగిపోవడం అంటే ఏమిటో నేర్చుకునేది సరిగ్గా ఆ గడి ముందే.

అంచనాల విషయంలో మాత్రం క్లాసు టైం ధారాళంగా ఖర్చు చేయండి. బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు 1994లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులను వాళ్ల థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ వీలైనంత చెడుగా జరిగితే అని అడిగితే సుమారు 49 రోజులన్నారు. నిజంగా పట్టింది సగటున 55 రోజులకు పైనే. అంటే వాళ్లు ఊహించిన చెడ్డ పరిస్థితి కంటే కూడా ఎక్కువ. ఈ అంకెలు చెబితే నా విద్యార్థులు నవ్వుతారు, తమకు అలా జరగదనుకుంటారు. అందుకే ప్రతి పనికీ మొదలుపెట్టే ముందు అంచనా, అయ్యాక నిజంగా పట్టిన టైం పక్కపక్కన రాయిస్తాను. నాలుగైదు వారాలకు ప్రతి టీంకూ తమ సొంత నిష్పత్తి తెలుస్తుంది. ఆ తర్వాతి అంచనాలను ఆ నిష్పత్తితో హెచ్చవేయమంటాను.

పెర్ట్ మూడు అంచనాల సూత్రం కూడా అప్పుడే చెప్పండి. ఆర్డర్ చేసిన సెన్సర్ బాగా త్వరగా వస్తే 3 రోజులు, మామూలుగా 6, ఆలస్యమైతే 15 అనుకుందాం. మామూలు అంచనాను నాలుగుతో హెచ్చవేసి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 7 రోజులు వస్తుంది. లెక్క తేలికే. అయితే ఆ 15 రోజుల ఆలస్యం వస్తే ఏం చేస్తారు అన్న ప్రశ్నకు ఈ 7 జవాబు కాదు. అది రిస్కుల జాబితాలోకి వెళ్లాలి, దాని పక్కన ప్రత్యామ్నాయం ఉండాలి. సూత్రం తెలిసిన విద్యార్థికీ, ప్లాన్ చేయడం వచ్చిన విద్యార్థికీ తేడా నాకు ఇక్కడ కనిపిస్తుంది.

మార్కులు

నా పద్ధతి ఇది, మీకు తగ్గట్టు మార్చుకోండి. 100కు గాను ప్లాన్, దాని మార్పుల చరిత్రకు 30. యూజర్ నుంచి తెచ్చిన ఆధారాలకు 30, అంటే పరిశీలన నోట్స్, పరీక్షలో యూజర్ ఎక్కడ తడబడ్డారు, దానికి డిజైన్‌లో ఏం మారింది. చివరి నమూనాకు 20. వ్యక్తిగతంగా 20.

నమూనాకు 20 చాలా తక్కువని తోటి అధ్యాపకులు అంటారు. నేను తగ్గనివ్వను, పెంచనివ్వను. దానికి 60 వేసిన మరుక్షణం టీంలో బాగా కోడింగ్ వచ్చిన ఒకరు రాత్రిళ్లు కూర్చుని అంతా తామే చేసేస్తారు, మిగతా నలుగురు రిపోర్టు పంచుకుంటారు. అక్కడ ప్రాజెక్టు అయితే ఉంటుంది గానీ మేనేజ్‌మెంట్ ఉండదు. ఈ ఒక్కరి మీదే ఆధారపడే జబ్బుకు ఇంకో మందు, పనిని విడదీసే పద్ధతి. "ఒకరు మెకానికల్, ఒకరు సర్క్యూట్, ఒకరు రిపోర్టు" అని మనుషుల వారీగా విడదీయనివ్వకండి. యూజర్ చేతికి చేరే ఫలితాల వారీగా విడదీయించండి: "మూడో వారంలో అట్ట నమూనాతో పరీక్ష" అనేది ఒక ఫలితం, దానికి కనీసం ఇద్దరు బాధ్యులు.

వ్యక్తిగత 20 మార్కుల కోసం సెమిస్టర్‌లో రెండుసార్లు ప్రతి విద్యార్థీ తోటివాళ్ల పని గురించి రాస్తారు. "బాగా చేశాడు" అన్న మాట లెక్కలోకి రాదు. ఏ పని, ఏ తేదీ, ఎక్కడ చూడవచ్చు అని రాయాలి. మొదటిసారిది మార్కులు లేకుండా ఏడో వారంలో పెట్టండి, గొడవలు ఏమైనా ఉంటే సర్దడానికి టైం ఉంటుంది.

వస్తువు పూర్తికాకపోతే?

కొన్ని టీంలకు పూర్తికాదు. దాన్ని ముందే ఒప్పుకుని నియమం పెట్టండి. నేను తొమ్మిదో వారం చివర్లో ఒక నిర్ణయ సమావేశం పెడతాను. అప్పటికి తెలిసినదాన్ని బట్టి టీం మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి: అనుకున్నట్టే కొనసాగడం, స్కోప్ తగ్గించడం, ఆపేసి నేర్చుకున్నది పద్ధతిగా రాసి అప్పగించడం. మూడోది ఎంచుకున్న టీంకు కూడా పూర్తి మార్కులు రావచ్చు, కారణం ఆధారాలతో ఉంటే. ఈ మాట మొదటి రోజే చెప్పాలి, లేకపోతే ఎవరూ నమ్మరు, టెన్షన్‌లో పనిచేయని వస్తువును పనిచేస్తున్నట్టు డెమో చేస్తారు. పనిచేయనిదాన్ని దాచడం ఇంజనీర్‌కు చాలా ప్రమాదకరమైన అలవాటు. కాలేజీలోనే దానికి బహుమతి ఇవ్వకూడదు.

ఎంతమంది యూజర్లతో పరీక్షించాలి అని కూడా విద్యార్థులు అడుగుతారు. ఐదుగురు చాలన్న మాట బాగా ప్రచారంలో ఉంది. అది నీల్సన్, లాండవర్ అనే పరిశోధకుల 1993 నాటి లెక్క నుంచి వచ్చింది: ఒక్కో యూజర్ సగటున 31 శాతం లోపాలు బయటపెడితే, ఐదుగురితో దాదాపు 85 శాతం బయటపడతాయి. లోపాలు వెతికి దిద్దుకోవడానికి ఇది మంచి దారే, ఒకేసారి 15 మందితో చేసే బదులు ఐదుగురి చొప్పున మూడుసార్లు చేయడం మేలు. కానీ వస్తువు సురక్షితమని చెప్పడానికి ఐదుగురు సరిపోరు. వైద్య పరికరాల చివరి పరీక్షకు ఒక్కో రకం యూజర్లలో కనీసం 15 మంది ఉండాలని అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ సంస్థ 2016 మార్గదర్శకం సూచిస్తుంది. విద్యార్థులకు ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూపిస్తే, ఎందుకోసం పరీక్షిస్తున్నాం అనే ప్రశ్న వాళ్లే వేసుకుంటారు.

ముందే చూసుకోవాల్సినవి

యూజర్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఫోటోలు, ఆరోగ్య వివరాలు టీం వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదని కచ్చితంగా చెప్పండి. మీ కాలేజీలో ఎథిక్స్ కమిటీ ఉంటే సెమిస్టర్ మొదలయ్యే ముందే మొత్తం కోర్సుకు ఒకేసారి అనుమతి అడగండి. టీంల వారీగా అడిగితే సగం సెమిస్టర్ అక్కడే పోతుంది. కరెంటుతో నడిచేవి, శరీరానికి తగిలేవి మీరు గానీ ల్యాబ్ ఇన్‌ఛార్జి గానీ చూడకుండా బయటికి వెళ్లకూడదు.

అప్పగింత గురించి మొదట్లోనే మాట్లాడండి. సెమిస్టర్ అయ్యాక ఆ వస్తువు పాడైతే ఎవరు బాగుచేస్తారు? యూజర్‌కు "ఇది నమూనా మాత్రమే" అని మొదటి సమావేశంలోనే తెలియాలి. ఆఖరి రోజు చెబితే మోసపోయినట్టు అనిపిస్తుంది, ఆ బాధ న్యాయమైనదే. అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో 1995లో మొదలైన ఎపిక్స్ కార్యక్రమం ఈ సమస్యకు మంచి దారి చూపింది. అక్కడ సంఘసేవా సంస్థలతో ప్రాజెక్టులు సెమిస్టర్ల తరబడి సాగుతాయి, పాత విద్యార్థులు వెళ్లినా కొత్తవాళ్లు అందుకుంటారు. మీకు అంత ఏర్పాటు లేకపోయినా ఒక పని చేయవచ్చు: ఈ బ్యాచ్ రాసిన అప్పగింత ఫైలుతో వచ్చే బ్యాచ్‌లో ఒక టీం మొదలుపెట్టాలని నియమం పెట్టండి. తమ తర్వాత ఎవరో చదువుతారని తెలిస్తే డాక్యుమెంటేషన్ నాణ్యతే వేరుగా ఉంటుంది.

మీ శ్రమ గురించి కూడా చెప్పాలి. మొదటి ఏడాది లెక్చర్ల కంటే ఇది ఎక్కువ పని. 15 టీంలను వారం వారం విడిగా కలవడం ఒక్కరి వల్ల కాదు. నేను ఒకే గంటలో నాలుగు టీంలను కూర్చోబెడతాను. ఒక్కో టీం మూడు విషయాలు చెప్పాలి: పోయిన వారం ఏం చేస్తామన్నారు, ఏం అయింది, ఏది అడ్డు పడుతోంది. మిగతా మూడు టీంలు ప్రశ్నలు అడుగుతాయి. ఆ ప్రశ్నలు చాలాసార్లు నావాటికంటే సూటిగా ఉంటాయి.

మొదటిసారి కాబట్టి వీలైతే ఒక సెక్షన్‌తో, రెండు సంస్థలతో మొదలుపెట్టండి. సెమిస్టర్‌కు నెల ముందే ఆ సంస్థలకు మీరే వెళ్లి, ఒక పూట కూర్చుని వాళ్ల పని చూసి రండి. వాళ్లు దొరకని తేదీల జాబితా తీసుకోండి. ఏ రకం సంస్థలు మీకు అందుబాటులో ఉన్నాయో కింద రాస్తే, మొదటి సమావేశంలో విద్యార్థులు అడగడానికి నేను వాడే ప్రశ్నల్లో వాటికి సరిపోయేవి పెడతాను.